అక్క పంపిన పొగడ్త

ఫిబ్రవరి 9

ఒరే తమ్ముడూ,

నువ్వూ మా మరదలూ చల్లగా ఉండాలి. ముందు ఇంటి సంగతులు చెప్పి, తర్వాత నిన్ను తిడతాను.

మీ బావకు పన్ను నొప్పి. పీకించుకోమంటే వినడు. దవడకు తువ్వాలు చుట్టుకుని మిల్లుకు వెళ్తున్నాడు. మగ్గాల మోతలో ఆయన మూలుగు ఎవరికీ వినపడదు కాబట్టి, ఇంటికొచ్చాక మొత్తం కలిపి నా దగ్గర మూలుగుతాడు.

ఇక నీ సంగతి. మొన్న పార్టీ పెద్దాఫీసులో జరిగిన సమావేశానికి మా నేత షెడ్డు శాఖ నుంచి మగ్గాల మెకానిక్ వచ్చాడు కదా. అతను లేచి పార్టీ నడిపే పెద్దాయన్ని ఒక ప్రశ్న అడగబోయేసరికి మీ మైకుకు మళ్ళీ జలుబు చేసిందట. పొగిడేవాళ్ళు మాట్లాడినంతసేపూ ఖంగుమన్న మైకు, ఇతని వంతు రాగానే గరగరమని మూగబోయిందట. వేదిక మీద కార్యదర్శి కళ్ళజోడు తీసి తుడుచుకోవడం, సౌండు మిక్సర్ దగ్గర నువ్వు నాబ్ తిప్పడం, ఇది పార్టీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. “మీ తమ్ముడి మైకుకు కాస్త మందు వేయించకూడదా?” అని షెడ్డులో అందరూ నన్ను ఆటపట్టిస్తున్నారు. నవ్వేసి ఊరుకున్నాను. లోపల మాత్రం మండింది.

ఈసారి ఎన్నికల్లో మా సీటుకు, ఆసుపత్రి ఆపరేషన్ గదిలో పనిచేసే నర్సమ్మను నిలబెడదామని శాఖలో అందరం చేతులెత్తి ఎన్నుకున్నాం. పెద్దాయన ఒక్క ఫోనుతో ఆమెను తీసేసి, కాంట్రాక్టరుకు టికెట్టు ఇచ్చారు. పోయిన నెల దాకా ఎదుటి పార్టీలో ఉండి, మా సమ్మె డేరాలు పీకించిన మనిషికి! మమ్మల్ని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. అందుకని మార్చి పదహారున మహాసభలో నేనే లేచి అడుగుతాను. అందరి ముందూ, ఆయన ముందూ. పార్టీ నాది కాబట్టే అడుగుతాను. పక్కింటివాళ్ళతో పోట్లాడే తీరిక నాకెక్కడిది?

ఆ రోజు మిక్సర్ దగ్గర కూర్చునేది నువ్వే. నాకున్న బెంగ అదొక్కటే.

ఊరేగింపుల్లో నిన్ను చంకనేసుకుని నడిచిన
అక్క

ఫిబ్రవరి 15

అక్కకు,

నీ తిట్లు అందాయి. ఇంట్లో అందరం క్షేమం. బావకు తువ్వాలు కాదు, డాక్టరు కావాలి. ఆ మాట నేనన్నానని చెప్పు, నేనంటే కొంచెం భయం ఉన్నట్టు నటిస్తాడు కదా.

అక్కా, అందరూ నవ్వినట్టు నువ్వూ నవ్వితే ఎలా? నేను ఈ ఆఫీసులో జీతగాణ్ణి. కార్యదర్శి కళ్ళజోడు తీస్తే నాబ్ తిప్పాలి, పెట్టుకుంటే మళ్ళీ పెంచాలి. ఈ రెండూ కాకుండా నేను చేసే పని ఇంకోటుంది, అది ఎవరికీ తెలీదు. పెద్దాయన గొంతు బాగా సన్నబడింది. ఆయన మాట్లాడేటప్పుడు కాస్త బరువు కలిపి బయటికి పంపుతాను. సభలో జనం “ఇంకా పులే” అనుకుంటారు. దిగాక ఆయన నా దగ్గరికొచ్చి, “ఇవాళ వినపడ్డానా?” అని అడుగుతారు. అలా అడిగే మనిషిని అందరి ముందూ నిలదీస్తానంటే నాకు బాధగా ఉండదా? తప్పు జరిగితే జరిగి ఉండొచ్చు. నాలుగు గోడల మధ్య చెప్పు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది.

మహాసభకు రావద్దు అక్కా. వచ్చినా మాట్లాడొద్దు. మాట్లాడక తప్పదంటే, ఏం మాట్లాడతావో అక్షరం పొల్లుపోకుండా రాసి నాకు ముందే పంపు. నాకు అవసరం ఉంది. ఎందుకని అడక్కు.

నీ మరదలు కొత్తగా కుట్టుమిషను నేర్చుకుంటోంది. నా చొక్కాకు ఒక చేయి పొడుగు, ఒక చేయి పొట్టి. వేసుకుని తిరుగుతున్నాను.

నీ
తమ్ముడు

ఫిబ్రవరి 22

తమ్ముడు గారికి,

మీ ఉత్తరం అందింది. నర్సమ్మకు చూపించాను. “కడుపులో గడ్డ ఉంటే చించక ఏం చేస్తారు?” అంది. ఆమె పనే అది కాబట్టి ఆమెకు తెలుసు.

నా ఉపన్యాసం ముందే పంపమన్నావు. ఎందుకని అడగొద్దన్నావు. అడగను. తెలిసిపోయింది కాబట్టి అడగను. మీ కార్యదర్శి నిన్ను చివరికి ఇంటిదొంగను చేశాడన్నమాట. సొంత అక్క నోట్లో మాట ముందుగా లాక్కురమ్మన్నాడు, నువ్వు సరేనన్నావు. తీసుకో. కింద రాస్తున్నాను. తీసుకెళ్ళి ఆయన చేతిలోనే పెట్టు.

“సభకు నమస్కారం. పెద్దాయన ఏ కిటికీ దగ్గర కూర్చున్నారో చూసుకుని సూర్యుడు అటువైపే ఉదయిస్తున్నాడు. ఆయన గొడుగు మరిచిపోయిన రోజు వాన కూడా వెనక్కి తగ్గుతోంది. ఇంతటి మహానుభావుడు మా శాఖను కూడా కరుణించారు. అభ్యర్థిని మేమే ఎన్నుకోవాలన్న భారం మా నెత్తి మీద నుంచి దించారు. చేతులెత్తీ ఎత్తీ అలసిపోయిన మాకు, చేతులు కట్టుకునే సుఖాన్ని ప్రసాదించారు. ఆలోచించే శ్రమ ఆయనది, చప్పట్లు కొట్టే భాగ్యం మాది. కాంట్రాక్టరు గారి రూపంలో మాకు దొరికిన ఈ వరానికి ఏమిచ్చి రుణం తీర్చుకోగలం? జై పెద్దాయన!”

చాలా? ఇంకా కావాలంటే రాయించుకో, నా దగ్గర చాలా ఉంది.

మీ బావ పన్ను పీకించుకున్నాడు.

ఇట్లు
శాఖ కార్యదర్శి, నేత షెడ్డు

ఫిబ్రవరి 28

బంగారంలాంటి అక్కకు,

కోపంలో మొదలుపెట్టినా చివరికి నా మాట మన్నించావు. నీ ఉపన్యాసం చదివి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నీ మరదలికి చదివి వినిపించాను. “వదినేనా ఇది?” అంది. “మా అక్క మనసు వెన్న, నీకేం తెలుసు” అన్నాను.

నువ్వు చెప్పినట్టే తీసుకెళ్ళి కార్యదర్శి గారి చేతిలో పెట్టాను. ఆయన నిలబడే చదివారు. “చేతులు కట్టుకునే సుఖం” అన్న ముక్క దగ్గర ఆగి, రెండుసార్లు భేష్ అన్నారు. “నేత షెడ్డులో ఇంత సాహిత్యం ఉందా?” అన్నారు. అసలు ఆ రోజు మాట్లాడేవాళ్ళు ఎప్పుడో ఖరారయ్యారు, మీ శాఖకు అవకాశమే లేదు. అయినా పక్కన పెన్నుతో నిన్ను చేర్చారు. కోశాధికారి తర్వాత నువ్వే! వేదిక మీద, పెద్దాయనకు ఎదురుగా. నా అక్కవని తెలిసి పెద్దాయన కూడా నా భుజం తట్టారు. “ఆమె నిజంగా ఇలాగే చెప్తుందా?” అని కార్యదర్శి అడిగితే, “మా అక్క మాటంటే మాటే, హామీ నాది” అన్నాను.

అక్కా, నాకు ఎంత బరువు దిగిందో చెప్పలేను. నీ మాట మధ్యలో నా చేతులతో నేనే నొక్కేయాల్సి వస్తుందేమోనని ఇన్నాళ్ళూ అన్నం సయించలేదు. ఇప్పుడు నీ గొంతు హాలంతా మోగిస్తాను చూడు.

బస్టాండుకు నేనే వస్తాను. పరుపు ఎండలో వేసి దులిపించాను. బావను కూడా తీసుకురా.

నీ
తమ్ముడు

మార్చి 4

ఒరే వెర్రినాన్నా,

అది వెటకారంరా!

గొడుగు మరిచిపోతే వాన వెనక్కి తగ్గిందని రాస్తే నిజమనుకున్నావా? నీ ఉత్తరం పైకి చదువుతుంటే మీ బావ నవ్వి నవ్వి, పన్ను పీకిన చోట మళ్ళీ రక్తం వచ్చింది. నేను మాత్రం దాన్ని మళ్ళీ మొదటినుంచి చదివాను. నవ్వు రాలేదు.

నువ్వేదో కార్యదర్శి తరఫున నా దగ్గర కూపీ లాగుతున్నావని కోపమొచ్చి, ఒళ్ళు మండి రాసిపారేశాను. నువ్వు వెళ్ళి నిజంగా ఆయన చేతిలో పెడతావనీ, పైగా హామీ ఉంటావనీ నాకేం తెలుసు? ఇప్పుడు చూడు ఎలా తయారైందో. మింగలేను, కక్కలేను. ఆ కాగితంలో ఉన్నది చదివితే షెడ్డులో మళ్ళీ నా మొహం ఎవరికీ చూపించలేను. నర్సమ్మ నన్ను ఏమీ అనదు, అదే భరించలేను. కాగితం పక్కనపెట్టి నా మాట నేను మాట్లాడితే, హామీ ఉన్నవాడివి నువ్వు. అక్కడికక్కడే నిన్ను ఇంటికి పంపిస్తారు. నాబ్ తిప్పితే నా నోరు నువ్వు మూసినట్టు, తిప్పకపోతే నీ అన్నంలో నేను మన్ను పోసినట్టు.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. నేను రాను. జ్వరమని చెప్పు. మైకుకే జలుబు చేసినప్పుడు నాకు చేస్తే ఎవరు కాదంటారు? మా శాఖ ప్రశ్న ఈసారికి మా శాఖలోనే ఉండిపోతుంది. పార్టీ నాకు కావాలి, నిజమే. కానీ నువ్వు నాకు అంతకంటే ముందునుంచీ ఉన్నావు.

ఏడుస్తున్నానని అనుకోకు. నూలు కండెల దుమ్ము కళ్ళలో పడింది.

అక్క

మార్చి 9

అక్కా,

నువ్వు రావాలి.

వెటకారం తెలీదా అని అడిగావు. ఎలా తెలుస్తుంది చెప్పు? నేను రోజూ వినేవాటికంటే నీది తక్కువే ఉంది. పోయిన వారం యువజన విభాగం వాళ్ళు పెద్దాయన దగ్గితే అందులో కూడా సందేశం ఉందన్నారు. అందరూ రాసుకున్నారు. నువ్వు వానతో ఆగిపోయావు.

కానీ నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి నాకేదో అయింది. ఎవరు వేదికెక్కి పొగిడినా నాకు నీ వెటకారమే వినపడుతోంది. నిన్న కోశాధికారి మాట్లాడుతుంటే నవ్వు ఆపుకోలేక మిక్సర్ మీద తల వాల్చేశాను. తర్వాత నవ్వు పోయింది. పెద్దాయన ముఖం చూశాను. ఆయన నమ్ముతున్నారక్కా. నేను నీ కాగితం నమ్మినట్టే ఆయనా నమ్ముతున్నారు. ఆయన చెవిలో ఇంకో మాట పడకుండా చూసుకున్నది నా చేతులే. “వినపడ్డానా?” అని ఆయన నన్ను అడుగుతారు. ఆయనకేం వినపడుతోందో నేను ఎప్పుడూ అడగలేదు.

ఇంకోటి. నీ ఉపన్యాసం ముందే ఎందుకు పంపమన్నానో చెప్పేస్తాను. అది కార్యదర్శి కోసం కాదు. అసలు ముక్క ఎప్పుడొస్తుందో ముందే తెలిస్తే, సరిగ్గా ఆ సమయానికి కేబుల్ వెతుక్కుంటున్నట్టు బల్ల కింద దూరిపోదామనుకున్నాను. బల్ల కింద ఉన్నవాడికి వేదిక మీద ఎవరి కళ్ళజోడూ కనపడదు కదా. నీ తమ్ముడి ధైర్యం అంతవరకే వచ్చింది మరి.

రా. నీ మాటే మాట్లాడు. నా చేతుల సంగతి నేను చూసుకుంటాను.

తమ్ముడు

మార్చి 18

అక్కకు,

నీతో మాట్లాడకూడదనుకున్నాను. నీ మరదలు బలవంతం మీద రాస్తున్నాను.

మైకును ఎందుకు పక్కకు తోశావు?

నా చేతుల సంగతి నేను చూసుకుంటానని రాశాను. మహాసభ రోజు పొద్దున్నే వచ్చి, నీ గొంతుకు సరిపడా మైకు సరిచేసి పెట్టాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నాబ్ ముట్టుకోనని నాకు నేనే ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు వేదికెక్కావు. నావైపు ఒక్క చూపు చూశావు. చూసి, స్టాండును పట్టుకుని అవతలికి జరిపేశావు! అంత మందిలో “వీణ్ణి నేను నమ్మను” అని చెప్పినట్టయింది నాకు. ప్రాణం చచ్చిపోయింది.

ఉత్త గొంతుతో మొదలుపెట్టావు. మగ్గాల మధ్య పెరిగిన గొంతే, కాదనను. కానీ అది షెడ్డు కాదక్కా, పెద్ద హాలు. “మేం ఎత్తిన చేతులు మీకు కనపడలేదా?” అని నువ్వు అడిగింది ముందు వరసలవాళ్ళకే అందింది. వెనకవాళ్ళు “ఏంటి, ఏమంటోంది?” అంటున్నారు. పెద్దాయన చెవికి చేయి అడ్డం పెట్టుకుని ముందుకు వంగారు. నా అక్క మాట్లాడుతుంటే జనానికి వినపడకపోవడమా? ఇంక కూర్చోలేకపోయాను. మైకు ఊడదీసుకుని, కేబుల్ ఈడ్చుకుంటూ వచ్చి, నీ నోటి దగ్గర పెట్టి నిలబడ్డాను. ఇన్నేళ్ళలో నేను వేదికెక్కడం అదే మొదటిసారి. చేతులు పొట్టీ పొడుగూ చొక్కా వేసుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది. నువ్వు మాత్రం నావైపు తలైనా తిప్పలేదు.

కార్యదర్శి కళ్ళజోడు తుడిచి తుడిచి, ఇక లాభం లేదని తనే మిక్సర్ దగ్గరికి పరిగెత్తారు చూశావా? ఆయనకు అందులో ఏది ఏంటో తెలీదు. మూసేద్దామని ఏదో తిప్పితే, బయట డాబా మీద ఉన్న హారన్ స్పీకర్లు మోగాయి. వీధి వీధంతా నీ ప్రశ్న విన్నది. బస్సు ఆపుకుని విన్నారట.

నువ్వు ముగించాక పెద్దాయన చెవి దగ్గరి చేయి దించి సభంతా చూశారు. తర్వాత, “ఇంకెవరైనా మాట్లాడతారా?” అన్నారు. మెకానిక్ వచ్చాడు. వెనకాలే ఇంకొకరు, ఇంకొకరు. వరస కట్టారు. అందరికీ నేనే పట్టుకున్నాను. చేయి తిమ్మిరెక్కినా స్టాండు తెచ్చుకోలేదు. ఆ వరస మధ్యలో తలతిప్పి చూస్తే నువ్వు లేవు. పక్క తలుపులోంచి వెళ్ళిపోయావన్నారు. ఇంటికీ రాలేదు. పరుపు అలాగే ఉంది.

సాయంత్రం కార్యదర్శి పిలిచి రేపటినుంచి రావద్దన్నారు. సరే అన్నాను. కాంట్రాక్టరు టికెట్టు గురించి ఆలోచిస్తామన్నారు, అంటే ఆలోచించరు. గేటు దగ్గర పెద్దాయన కారు ఆగింది. అద్దం దించి, “ఇవాళ నాకు వినపడిందిరా” అన్నారు. వెళ్ళిపోయారు.

ఉద్యోగం పోయినందుకు బాధ లేదు. నువ్వు నన్ను నమ్మలేదు.

తమ్ముడు

మార్చి 23

నాన్నా, నా చిట్టి తమ్ముడూ,

నిన్ను నమ్మకపోవడమా? నమ్మాను కాబట్టే తోశానురా!

నువ్వు నాబ్ తిప్పవని నాకు తెలుసు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా బిగుసుకుని కూర్చున్నావు. అది చూశాను. ఇవాళ వీడి ఉద్యోగం నా చేతుల్లో పోతుంది అనుకున్నాను. మైకు లేకుండా మాట్లాడితే ఆపలేదన్న నింద నీ మీద పడదు కదా! “అక్క మొండిది, మైకే వద్దంది, నేనేం చేయను” అని తప్పించుకుంటావనుకున్నాను. పెద్ద తెలివైన పని చేశాననుకుంటే, నువ్వు కేబుల్ ఈడ్చుకుంటూ వేదికెక్కేశావు. ఇంకేం మిగిలింది?

నీవైపు ఎందుకు చూడలేదంటావు. చూస్తే ఏడ్చేసేదాన్ని. చొక్కా చేయి ఒకటి నీ వేళ్ళ దాకా జారి, మైకుతో పాటు నా గడ్డం కింద ఊగుతోంది. అది కనపడుతూనే ఉంది. ఆ చేయి చూస్తూనే చివరి దాకా మాట్లాడాను. పెద్దాయన్ని కాదు.

వెళ్ళిపోవడం కూడా అందుకే. కిందికి దిగగానే సస్పెండ్ చేశామని ఒకాయన నా చేతిలో కాగితం పెట్టాడు, ఆరు నెలలు. ఆ పూట నీతో మాట్లాడుతూ కనపడితే అక్కాతమ్ముళ్ళు ముందే కూడబలుక్కున్నారంటారు, నీ ఉద్యోగానికి ఎసరొస్తుందని పక్క తలుపులోంచి పారిపోయాను. అది ఎలాగూ సాయంత్రానికి పోతుందని నాకేం తెలుసు? బస్సులో నర్సమ్మ ఒళ్ళో తలపెట్టుకుని ఇల్లు చేరేదాకా ఏడ్చాను. ఈసారి కండెల దుమ్ము కాదు. నేనే ఏడ్చాను.

మా మరదలికి చెప్పు, ఆ చొక్కా విప్పి సరిచేయొద్దు.

ఇప్పుడు అసలు సంగతి విను. ఆదివారం మా శాఖ సమావేశం. సస్పెండైన మనిషి పార్టీ గదిలో అడుగుపెట్టకూడదట. అందుకని మావాళ్ళు కుర్చీలన్నీ తెచ్చి గది బయట వేస్తున్నారు. మొదటి చర్చ నా మీదే. శాఖతో ఒక్క మాట కూడా చెప్పకుండా ఆ దొంగ పొగడ్త రాసి పంపానని, దానివల్ల శాఖ పరువు పోయిందని, కండెలు చుట్టే అమ్మాయి నన్ను అందరి ముందూ నిలదీస్తుందట. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం కోపంగానే ఉంది. నిన్నటినుంచి దాంతో సరిగ్గా మాట్లాడటంలేదు. మీ బావ అది చూసి, “నీకూ కళ్ళజోడు తుడిచే కార్యదర్శి ఒకడు కావాలేమోనే” అన్నాడు. సిగ్గేసింది.

ఆ పిల్ల గొంతు మరీ సన్నం. పక్కన కూర్చున్నవాళ్ళకే వినపడదు. అది నన్ను అనబోయే ప్రతి మాటా ఆఖరి వరస దాకా వినపడాలి. నేను మధ్యలో నీవైపు ఎలా చూసినా సరే, పట్టించుకోకు.

మీ ఆవిడను తీసుకుని, సామాను సర్దుకుని వచ్చెయ్. మాకు మైకు మనిషి కావాలి.

నీ
అక్క